హార్మోనియం పెట్టెకు టేకు చారల రంగు

ప్రశ్న: మా నాటక సమాజంలో చాలా ఏళ్లుగా పద్యాలకు వాడుతున్న హార్మోనియం పెట్టెకు ఒక పక్క పలక పగిలితే ప్లైవుడ్డు వేయించి, దానిపై గోధుమరంగు ఎనామిల్ పూయించాము. ఇప్పుడు అది అతుకులా కొట్టొచ్చినట్లు కనిపిస్తోంది. పెట్టె అంతా టేకులా ఉండేట్లు చారలు వేయించవచ్చునా? నాదం చెడుతుందా? ఇది మోసం కిందికి వస్తుందని మా మిత్రుడొకరు అంటున్నారు.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నాదం గురించి దిగులు అక్కరలేదు. హార్మోనియంలో పలికేవి తిత్తి నుంచి వచ్చే గాలికి కంపించే ఇత్తడి రీడ్లు (సన్నని రేకు నాలుకలు) కాబట్టి, బయటి పలకపై పల్చగా పూసిన రంగు స్వరాన్ని చెప్పుకోదగినంతగా మార్చదు. జాగ్రత్తపడవలసినది లోపలికి చేరే రంగు, పొడుల విషయంలోనే. రంగు వేళ్లతో నొక్కే మెట్ల సందుల్లోకి కారితే మెట్టు పట్టేస్తుంది. తిత్తి మడతలపై పడితే అవి బిరుసెక్కి చీలుతాయి. రుద్దినప్పుడు లేచే పొడి రీడు నాలుక కిందికి చేరితే ఆ స్వరం మూగబోతుంది. అందువల్ల రీడ్ల పలకను, మెట్లను, స్టాపు గుండీలను హార్మోనియం మరమ్మతు తెలిసినవారి చేత విప్పించి, తిత్తిని కాగితంతో పూర్తిగా కప్పిన తరువాతనే పని మొదలుపెట్టాలి.

దానికంటే ముందు, కంటబడని మూలలో పాత రంగును కాస్త గీకి చూడండి. ప్లైవుడ్డు పలక తప్ప మిగిలినదంతా అసలు టేకే అయితే, దానిపై దొంగ టేకు పూయడం కంటే రంగు తీయించి, ఆ ఒక్క పలకకే చారలు వేయించడం మేలని నా అభిప్రాయం. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు. కనుక మాస్కు ధరించి, వాటర్ పేపరును (తడిపి వాడే గరుకు కాగితాన్ని) కొద్దిగా తడిపి రుద్దాలి.

గుంటలను లప్పంతో పూడ్చి, ప్రైమరు వేసి, నునుపు చేశాక అడుగు రంగు పూయాలి. ఈ రంగు టేకులో అన్నిటికంటే లేతగా కనిపించే పసుపు ఛాయకు సరిపోవాలి. చాలామంది ఇక్కడే ముదురు గోధుమరంగు ఎంచుకుంటారు, ఆ తరువాత ఎంత నేర్పుగా చారలు గీసినా చెక్కకు లోతు రాదు. అడుగు రంగు పూర్తిగా ఆరాక, ముదురు గోధుమ తైలవర్ణాన్ని అవిసె నూనె, టర్పెంటైన్‌లతో పల్చన చేసి పూసి, తడిగా ఉండగానే పొడి బ్రష్షును పలక పొడవునా ఒకే ఊపుతో లాగాలి. పళ్లు కోసిన రబ్బరు ముక్క దువ్వెనలా పనిచేస్తుంది, కాని దాన్ని అక్కడక్కడ మాత్రమే వాడాలి. చివరగా పొడవాటి కుచ్చు ఉన్న బ్రష్షుతో ఉపరితలాన్ని మెల్లగా తట్టుతూ పోతే, టేకులో కనిపించే సన్నని సూది గీతలు ఏర్పడతాయి.

అయితే చూసేవారిని నమ్మించేది చారల అందం కాదు, వడ్రంగి పలకలను కూర్చిన తీరును అవి అనుసరించడం. పొడవు పలకపై దాని పొడవునా, నిలువు పట్టీపై నిలువుగాను చారలు పోవాలి. అవి మూల తిరిగి పక్క పలకలోకి కొనసాగకూడదు. అందుకే ప్రతి అతుకు వద్ద టేపు అంటించి, ఒక పలక ఆరిన తరువాతనే మరొకటి చేయాలి. గోపురాల్లా ఒకదానిపై ఒకటి లేచే చేవ (చెట్టు నడిమి గట్టి చెక్క) చారలు వెడల్పాటి పలక నడుమ ఒక్కచోట ఉంటే చాలు, సన్నని పట్టీలకు నేరు గీతలే తగినవి. మీ ఇంటి టేకు తలుపును పక్కన చూసుకుంటూ గీయించండి. ఊహించి గీసేవారు ఎప్పుడూ అవసరానికి మించి ముడులు పెడతారు.

చారలు బాగా ఆరాక వార్నిషు రెండు పొరలు వేయించండి. నూనె రంగుకు బదులు యాక్రిలిక్ వాడితే మాత్రం దానిపై స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ రుద్దించకండి, స్పిరిట్‌కు చారలు కరిగి చెదిరిపోతాయి. అవిసె నూనె అంటిన గుడ్డలను ముద్దగా చుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, నీటిలో తడిపి ఆరుబయట పరచాలి.

ఇక మోసం మాట. 16, 17 శతాబ్దాల్లో ఆంట్వెర్ప్‌లో రుకర్స్ కుటుంబం వారు తాము చేసిన హార్ప్సికార్డుల (మెట్లు నొక్కితే తీగలు మోగే యూరోపు వాద్యాల) మూతల లోపలి వైపు చెక్క చారలు అచ్చువేసిన కాగితం అంటించి, దానిపై లాటిన్ సూక్తులు రాసేవారు. ఆ వాద్యాలను ఎవరూ తక్కువగా చూడలేదు. టేకు పెట్టె అని చెప్పి అమ్మినప్పుడే మీ మిత్రుని ఆక్షేపణ వర్తిస్తుంది.

ప్రశ్న: ఇదే పద్ధతిలో మా పాత వీణకు కూడా చారలు వేయవచ్చునా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వద్దు. వీణలో తీగల కంపనాన్ని అందుకుని పలికేది కుండపై ఉన్న పలకే. దానిపై లప్పం, ప్రైమరు, రంగు, వార్నిషు పొరలు పేరిస్తే నాదం మొద్దుబారుతుంది. పైగా బొబ్బిలి వీణల వంటివి పనసతో చేసినవి. ఆ చెక్కకు సొంత చారలే ఉన్నాయి. పాలిష్ మాసిపోయి ఉంటే మీకు దగ్గరలోనే ఉన్న బొబ్బిలి వీణల పనివారికి చూపించండి.