కోతపడ్డ ఉత్తరం

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు రాసిన ఉత్తరమూ, పేపర్లో వచ్చిన ముక్కా రెండూ చూశాను. నువ్వు రాసింది ఇదీ: "మా ఊరి పంటకాలువ పూడిక తీశారు, సంతోషం. కానీ తీసిన మట్టిని గట్టు మీదే వదిలేశారు. రెండు వానలకే అదంతా మళ్ళీ కాలువలోకి జారింది. శివారు భూములకు నీళ్ళందలేదు." పేపర్లో వచ్చింది మొదటి వాక్యం, దాని కింద నీ పేరు. ఊళ్ళో అందరూ నిన్ను కాంట్రాక్టరు మనిషివంటున్నారని బాధపడ్డావు. బాధపడాల్సిందే. అసలు వేయకపోయినా ఇంత అన్యాయం జరిగేది కాదు. చోటు చాలక కోయడం వేరు, అర్థం తిరగబడేలా కోయడం వేరు.

వచ్చిన లేఖలన్నీ వేసి తీరాలని ఎవరూ అనరు. పత్రికల తీరును చూసే చట్టబద్ధ సంస్థ ప్రెస్ కౌన్సిల్ పెట్టిన నియమాలు కూడా ఆ ఎంపికను సంపాదకుడికే వదిలాయి. అయితే వివాదం ఉన్న విషయం మీద లేఖలు వేసేటప్పుడు అటూ ఇటూ ఉన్న వాదనలు రెండూ కనబడేలా నిజాయితీగా ప్రయత్నించాలని కూడా అవే చెప్పాయి. ఈ రెండో మాట చాలామందికి గుర్తుండదు.

జిల్లా పేజీల లోగుట్టు నువ్వు తెలుసుకోవాలి. మండల విలేకరికి చాలాచోట్ల జీతం ఉండదు, యాడ్స్ టార్గెట్ మాత్రం ఉంటుంది. పంద్రాగస్టుకీ, సంక్రాంతికీ, నాయకుడి పుట్టినరోజుకీ శుభాకాంక్షల ప్రకటన ఇచ్చేది ఆ కాంట్రాక్టరే, ఆ ప్రైవేటు కాలేజీయే. వాళ్ళ మీద ఫిర్యాదు చేసే ఉత్తరం ఆ పేజీలోకి రావడం ఎంత కష్టమో ఆలోచించు. విలేకరిని తిట్టుకోకు, అతన్ని ఆ స్థితిలో పెట్టిన యాజమాన్యాన్ని అడగాలి.

ఈ జబ్బు పైదాకా ఉంది. డబ్బు తీసుకుని వార్తల్లా వేసే పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో ఉన్నది ఇద్దరు జర్నలిస్టులు, పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్ళు పత్రికల పేర్లతో సహా నివేదిక ఇస్తే, కౌన్సిల్ దాన్ని పక్కనబెట్టి కుదించినది ఒకటి బయటికి వదిలింది. పూర్తి నివేదికను బయటపెట్టమని 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది.

ఇంకో కేసు చెబుతాను. ఎల్ఐసీ పాలసీదారులకు అన్యాయం జరుగుతోందని ప్రొఫెసర్ మనుభాయ్ షా ఒక అధ్యయనం రాశారు. ఎల్ఐసీ వైపు నుంచి ఒకాయన 'హిందూ'లో దాన్ని ఖండించారు. షా ఇచ్చిన జవాబును కూడా 'హిందూ' వేసింది. ఎల్ఐసీ మాత్రం తన పత్రిక 'యోగక్షేమ'లో ఆ ఖండన వేసుకుని, షా జవాబు వేయనంది. ఆయన కోర్టుకెక్కారు. గుజరాత్ హైకోర్టులో గెలిచారు, 1992లో సుప్రీంకోర్టు కూడా ఆయన పక్షమే తీర్పిచ్చింది. ప్రభుత్వ సంస్థ కాబట్టి ఎల్ఐసీ మెడ వంగింది. ప్రైవేటు పత్రికకు ఆ తీర్పు వర్తించదు. మనకున్నది పాఠకుల ఒత్తిడే, అందుకే నువ్వు ఊరుకోకూడదు.

ఇప్పుడు చేయాల్సింది. ముందు సంపాదకుడికి ఉత్తరం రాయి, నువ్వు రాసిందీ, పేపర్లో వచ్చిందీ రెండూ జతచేసి సవరణ వేయమని అడుగు. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్ళు. దినపత్రిక మీద ఫిర్యాదుకు గడువు రెండు నెలలు. కౌన్సిల్ హెచ్చరించగలదు, అభిశంసించగలదు, అంతకుమించి శిక్షించలేదు. అయినా రికార్డులో ఉంటుంది.

ఇక మీదట ఫిర్యాదుతోనే ఉత్తరం మొదలుపెట్టు. "శివారు భూములకు నీళ్ళందలేదు" అన్నది మొదటి వాక్యం కావాలి. సంతోషాలు, ధన్యవాదాలు ముందు పెట్టకు, కత్తెరకు దొరికేది అవే. "దోచుకున్నారు" లాంటి మాటలు కూడా వద్దు, పరువునష్టం అని పక్కన పడేస్తారు. పని ఎప్పుడు జరిగింది, మట్టి ఎక్కడ పోశారు, ఎన్ని ఎకరాలు ఎండాయి, ఇవి రాయి. సమాచార హక్కు కింద బిల్లుల నకలు అడుగు.

ఒకటి మాత్రం నొచ్చుకోకుండా విను. నీ ఉత్తరంలో ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) మాట ఎక్కడా లేదు. మట్టి ఎందుకు ఎత్తలేదని అతన్ని అడిగావా? పత్రిక నుంచి మనం కోరే న్యాయం అతనికి మన దగ్గరా దొరకాలి. వెళ్ళి అడుగు, అతను చెప్పింది ఉన్నదున్నట్టు రాయి, చెప్పనంటే ఆ సంగతే రాయి. రాశాక పంపే ముందు నాకు ఒకసారి చూపించు, కలిసి చదువుదాం.