కొమ్మ గుచ్చితే మొక్క వస్తుందా?

ప్రశ్న: మా మేడ మీద దానిమ్మ పెంచాలని తెలిసినవాళ్ళ తోట నుంచి ఆరేడు కొమ్మలు తెచ్చి కుండీలో గుచ్చానండీ. పది పన్నెండు రోజులకే అన్నిటికీ చిగుళ్ళు వచ్చాయి, ఇంట్లో అందరికీ చూపించాను కూడా. ఆ తర్వాత ఒక్కొక్కటే వాడిపోయి ఎండిపోయాయి. నీళ్ళు రోజూ పోస్తూనే ఉన్నాను. ఎరువు తక్కువైందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎరువు తక్కువ కాలేదండీ, అసలు ఎరువే వద్దు. మిమ్మల్ని మోసం చేసింది ఆ చిగురే. కోసిన కొమ్మలో కొంత పిండిపదార్థం నిల్వ ఉంటుంది, అది దానికి దారిబత్తెం. వేరు పుట్టేదాకా దాంతోనే నెట్టుకురావాలి. వెచ్చగా, తడిగా ఉంటే ముందు మొగ్గలు మేలుకుని ఆకులు వేసేస్తాయి, కింద వేరు లేదు కాబట్టి ఆ ఆకులకు నీరు అందించేవాళ్ళు లేరు, నిల్వ అయిపోయిన రోజున మొత్తం వాలిపోతుంది. కాబట్టి చిగురొచ్చిందని ఎండలోకి మార్చడం, పెద్ద కుండీలోకి మార్చడం లాంటివి చేయకండి. రోజూ నీళ్ళు పోశానన్నారు, అడుగు కుళ్ళడానికి అది కూడా కారణమై ఉండొచ్చు.

ఈసారి ఇలా చేయండి. నిరుడు పెరిగి ముదిరిన, పెన్సిల్ లావు కొమ్మ తీసుకోండి. పచ్చగా మెత్తగా ఉన్న చివర్లు పనికిరావు, మరీ లావు కొమ్మలకి వేరు పట్టడం కష్టం. జానెడు పొడవు, నాలుగైదు కణుపులు ఉంటే చాలు. కింద కణుపుకి సరిగ్గా దిగువన ఏటవాలుగా, పైన కణుపుకి కాస్త ఎగువన అడ్డంగా కోయండి. వేర్లు ఎక్కువగా కణుపుల దగ్గర నుంచే వస్తాయి కాబట్టి కింది కోత అక్కడ. పై కోత వేరేగా ఉండాలనడానికి కారణం మరీ మామూలుది: ఏది పైన ఏది కింద అన్నది తర్వాత గుర్తుపట్టడానికి! నవ్వకండి, ఆకులు తీసేశాక దానిమ్మ పుల్ల రెండువైపులా ఒకేలా ఉంటుంది, తలకిందులుగా గుచ్చితే మొక్క అవదు.

సగం ఇసుక, సగం కొకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి, అడుగున బెజ్జాలున్న కవర్లలో నింపి, రెండు కణుపులు లోపలికి వెళ్ళేలా గుచ్చండి. వేర్లు రప్పించే పొడి (ఐబీఏ అని నర్సరీల్లో దొరుకుతుంది) ఉంటే గుచ్చే ముందు కింది చివరను తడిపి అందులో అద్ది, ఎక్కువైంది దులిపేయండి. లేకపోయినా కొన్నయినా నాటుకుంటాయి, ఉంటే ఎక్కువ వస్తాయి. నీడలో పెట్టండి, పైన పలుచని పాలిథిన్ కవరు కప్పితే గాలిలో తేమ నిలుస్తుంది. వేలు పెట్టి చూసి పైమట్టి ఆరితేనే నీళ్ళు. మన దగ్గర వానాకాలం మంచిది, డిసెంబరు–జనవరిలో కత్తిరింపులప్పుడు వచ్చే కొమ్మలు కూడా మంచివే. ఎండాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

రెండు నెలలు ఓపిక పట్టండి. వేరొచ్చిందా అని పీకి చూసేవాళ్ళు చాలామంది ఉంటారు, అలా పీకితే అప్పుడే పుట్టిన సన్న వేర్లు తెగిపోతాయి. కొమ్మని మెల్లగా కదిపితే గట్టిగా పట్టుకున్నట్టు ఉండాలి, లేదా పారదర్శకంగా ఉండే కప్పులో నాటితే గోడల వెంట వేరు కనిపిస్తుంది.

ఇంకొక్కటి, అన్నిటికన్నా ముఖ్యం: కొమ్మ ఎవరి చెట్టు నుంచి తెస్తున్నారో చూడండి. దానిమ్మలో బ్యాక్టీరియా మచ్చ తెగులు కొమ్మలతో పాటే వస్తుంది. కాయల మీద నల్లమచ్చలు, పగుళ్ళు కనిపిస్తే ఆ చెట్టు ఎంత తియ్యటి కాయలిచ్చినా వదిలేయండి. భగువా లాంటి రకం కావాలంటే విత్తనం వేయకండి, గింజ మొక్కకి తల్లి లక్షణాలు వస్తాయని నమ్మకం లేదు, కొమ్మ మొక్కకి వస్తాయి.

ప్రశ్న: జామకి ఇదే పద్ధతి చేస్తే ఒక్కటీ రాలేదు సార్. మా చేతి గుణమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చేతి గుణం కాదు. జామ కొమ్మ ఇంట్లో గుచ్చితే వేరు పట్టడం చాలా కష్టం, నర్సరీల్లో కూడా పొగమంచులా నీళ్ళు చిమ్మే గదులుంటేనే చేస్తారు. మీరు గాలి అంటు కట్టండి. జూన్ నుంచి ఆగస్టు లోపు, పెన్సిల్ లావు కొమ్మ మీద అంగుళం మేర బెరడు చుట్టూ ఒలిచి, జిగురు పొరని కత్తితో గీరేసి, తడిపి పిండిన నాచు (నర్సరీల్లో స్ఫాగ్నమ్ మాస్ అంటారు) చుట్టి, పాలిథిన్‌తో రెండువైపులా బిగించి కట్టాలి. లోపలి కట్టె ద్వారా నీరు పైకి పోతూనే ఉంటుంది, ఆకులు చేసిన ఆహారం మాత్రం బెరడు లేదు కాబట్టి కిందికి దిగలేక గాటు పైన ఆగిపోతుంది, వేర్లు అక్కడే వస్తాయి. నెలన్నర, రెండు నెలల్లో పాలిథిన్ లోంచి తెల్లగా కనిపిస్తాయి. అప్పుడు దిగువన కోసి, సగం ఆకులు తీసి, నీడలో కుండీలో పెట్టండి. కుండీలో కుదురుకునేదాకా కాయని ఆశించకండి, పూత వస్తే గిల్లేయండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. పక్కింటివాళ్ళు డిసెంబరులో అంజీర కత్తిరించి నాలుగు కొమ్మలిచ్చారు. బయట గడ్డకట్టే చలి. పారేయాలా?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అయ్యో, పారేయకండి! ఆకులు రాల్చి నిద్రలో ఉన్న అంజీర కొమ్మ కన్నా సులువుగా వేరు పట్టేవి తక్కువ. పాలు కారడం ఆగాక (ఆ పాలు చర్మానికి మంటపెడతాయి, గ్లౌజులు వేసుకోండి) కాస్త తడిగా ఉన్న పేపర్ టవల్‌లో చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. తడి ఎక్కువైతే బూజు పడుతుంది, అప్పుడప్పుడూ తీసి చూడండి. ఫిబ్రవరి చివర్లో ఇంట్లోనే కిటికీ దగ్గర కప్పుల్లో నాటి, మంచు భయం పోయాక బయటికి తేవచ్చు. ఇళ్ళల్లో పెంచే అంజీర రకాల్లో ఎక్కువ వాటికి పరాగసంపర్కం అక్కర్లేదు, ఒక్క మొక్కైనా కాస్తుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు దానిమ్మ కొమ్మలు సూట్‌కేసులో తెస్తానని కూడా రాశారు, ఆ ఆలోచన మానుకోండి. అనుమతి పత్రాలు లేకుండా నాటే కొమ్మలు తెస్తే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు. దానిమ్మ అక్కడి నర్సరీల్లోనే దొరుకుతుంది.