సీఎస్‌బీజీ వార్షిక నివేదిక సవరణపై మా సంస్థ అభిప్రాయం పంపాలా? పంపితే ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికాలో ఒక కమ్యూనిటీ యాక్షన్ సంస్థలో, అంటే స్థానికంగా పేదలకు సాయం అందించే సంస్థలో, మీరు ఈమధ్యనే చేరారు. కమ్యూనిటీ సర్వీసెస్ బ్లాక్ గ్రాంటు, అంటే మనం రోజూ సీఎస్‌బీజీ అని పిలిచే పేదరిక నిర్మూలన గ్రాంటు, వార్షిక నివేదికలో ఏమేం నింపాలన్నది ప్రభుత్వం సవరించబోతోంది. దానిపై సంస్థ తరఫున అభిప్రాయం రాసే పని మీ డైరెక్టరు మీకు అప్పగించారు. రాస్తే ఎవరైనా చదువుతారా, చదివేటట్లయితే ఏం రాయాలి అని అడుగుతున్నారు.

నేను ఇలాంటి సంస్థలోనే తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదటి నాలుగేళ్లు దరఖాస్తులు తీసుకునే బల్ల దగ్గర, ఆ తరువాత నివేదిక తయారు చేసే గదిలో. రెండు చోట్లా కూర్చున్నందువల్ల నాకొక విషయం బలంగా నాటుకుపోయింది. నివేదికలోని ప్రతి గడీ చివరకు ఒక పేద మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్నగా మారుతుంది. కాబట్టి ఆ గడి అవసరమని చెప్పేవారు ఆ ప్రశ్న కూడా అవసరమని చెప్పగలగాలి. మీ అభిప్రాయ పత్రం మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడితే చాలని నా నమ్మకం.

చదువుతారా అన్న సందేహం పెట్టుకోకండి. 1980లో వచ్చి 1995లో సవరణ పొందిన పేపర్‌వర్క్ రిడక్షన్ చట్టం ప్రకారం, ఏ ఫెడరల్ శాఖ అయినా పది మందినో అంతకు మించినవారినో ఒకే రకం ప్రశ్నలు అడిగి సమాచారం సేకరించదలిస్తే, ముందుగా ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటించి 60 రోజుల గడువు ఇవ్వాలి. ఆ తరువాత ప్రతిపాదనను అనుమతి కోసం అధ్యక్షుడి కార్యాలయంలోని ఆఫీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్‌కు పంపేటప్పుడు మరో 30 రోజుల గడువుతో రెండో ప్రకటన ఇవ్వాలి. వచ్చిన అభిప్రాయాలేమిటి, వాటి మీద తాము ఏం చేశాము అన్నది శాఖ తన సమర్థన పత్రంలో రాసి తీరాలి. అనుమతి మూడేళ్లకు మించి దొరకదు కాబట్టి, ఈ తంతు మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది. ఇంత చట్టబద్ధమైన అవకాశం బల్ల దగ్గర పనిచేసేవారికి మరో చోట దొరకదు.

నివేదికలే వద్దనే వాదన మాత్రం చేయకండి. అది నిజాయితీ గల వాదన కాదు, దాన్ని ఎవరూ పట్టించుకోరు కూడా. 1964లో లిండన్ జాన్సన్ హయాంలో ఎకనామిక్ ఆపర్చునిటీ చట్టంతో పుట్టిన ఈ సంస్థలకు 1981లో బ్లాక్ గ్రాంటు రూపంలో నిధులు రావడం మొదలైంది. ప్రభుత్వ కార్యక్రమాలన్నీ ఫలితాలు చూపాలని 1993లో చట్టం వచ్చినప్పుడు, ఆ మరుసటి ఏడాదే మన రంగంలో రోమా అనే ఫలితాల కొలమాన పద్ధతి రూపొందడం మొదలైంది. ఈ గ్రాంటును కొనసాగిస్తూ 1998లో వచ్చిన చట్టం దాన్నో, అలాంటి మరొక పద్ధతినో తప్పనిసరి చేసింది. నాలుగు భాగాలుగా మనం ఇప్పుడు నింపుతున్న వార్షిక నివేదికకు మొదట 2017లో అనుమతి దొరికింది. పేదల పేరిట ఖర్చయ్యే డబ్బుకు లెక్క చెప్పడం పేదలకు మనం చూపవలసిన గౌరవమేనని నేను నమ్ముతాను. నా అభ్యంతరమల్లా మనం చెప్పగలిగిన లెక్కకూ, అడుగుతున్న లెక్కకూ మధ్య ఉన్న దూరం గురించే.

ఆ దూరం ఎలా ఉంటుందో ఒక సంఘటన చెబుతాను. ఒక ఏప్రిల్ నెలలో, గ్యాస్ కనెక్షన్ తీసేస్తామన్న నోటీసు పట్టుకుని ఒకావిడ వచ్చారు. నోటీసును నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు. ఒడిలో ఏడాది పాప. గడువు మర్నాడే. సాయం మంజూరు చేయడానికి నాకు కావలసినవి కుటుంబ సభ్యుల సంఖ్య, ఆదాయం, చిరునామా, ఆ నోటీసు. అవి ఐదారు నిమిషాల్లో అయిపోయాయి. ఆ తరువాత వార్షిక నివేదిక నాలుగో భాగంలో సాయం పొందినవారి వివరాలు చూపే లక్షణాల పట్టిక కోసం అడుగుతూ పోయాను: ఎంతవరకు చదువుకున్నారు, సైన్యంలో పనిచేశారా, వైకల్యం ఉందా, ఆరోగ్య బీమా ఎలాంటిది, ఇంట్లో 14 నుంచి 24 ఏళ్ల మధ్య వయసువారు చదువూ ఉద్యోగమూ లేకుండా ఎవరైనా ఉన్నారా. ఆ చివరి ప్రశ్న దగ్గర ఆవిడ ఆగిపోయారు. కాసేపటికి, తమ్ముడు తన దగ్గరే ఉంటున్నాడనీ, ఆ సంగతి చెబితే సాయం ఆగిపోతుందా అనీ మెల్లగా అడిగారు. ఆగదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అప్పటిదాకా తేలిగ్గా జవాబులు చెప్పిన మనిషి, అక్కడి నుంచి ప్రతి ప్రశ్నకూ ముందు నా ముఖంలోకి చూసి, ఆ తరువాతే జవాబు చెప్పారు. మిగిలిన గడుల్లో చాలావాటికి నేను 'తెలియదు' అనే వరుసలోనే గుర్తు పెట్టాను. ఏడాది చివర ఆ వరుసలో అంకె పెద్దదైనప్పుడు, మీ సమాచారం నాణ్యత తక్కువగా ఉందని మాకు వ్యాఖ్య వచ్చింది. ఆ అంకె వెనుక నాణ్యతా లోపం లేదు. తన ఇంటి సంగతులు చెప్పడానికి భయపడిన మనుషులు ఉన్నారు.

అందువల్ల సవరణలో నేను మొదట కోరేది ఇది. ఒక్కసారి అత్యవసర సాయం కోసం వచ్చేవారికి ఒక చిన్న పట్టిక, నెలల తరబడి కేస్‌వర్కర్‌తో కలిసి నడిచే కుటుంబాలకు పూర్తి పట్టిక ఉండాలి. రెండో రకం కుటుంబాలతో నమ్మకం కుదురుతుంది, జవాబులు నిజమవుతాయి, ఆ జవాబుల వల్ల వారికి ఉపయోగమూ ఉంటుంది.

రెండోది ఉద్యోగ ఫలితాల సంగతి. ఉద్యోగం దొరికిందా, దొరికినది 90 రోజులు నిలిచిందా, 180 రోజులు నిలిచిందా అని నివేదికలోని జాతీయ సూచికలు అడుగుతాయి. జీవన వేతనం కన్నా తక్కువ వచ్చేవారిని, ఆ స్థాయిలోనో అంతకు మించో వచ్చేవారిని వేరువేరుగా చూపమంటాయి. ప్రశ్నలు న్యాయమైనవే. అయితే ఉద్యోగం దొరికిన మనిషి మన దగ్గరకు తిరిగి రాడు, రానవసరం లేకపోవడమే మనం కోరుకున్న ఫలితం. ఒక జనవరిలో నేనూ ఒక సహోద్యోగీ మూడు రోజులు కూర్చుని వరుసగా ఫోన్లు చేశాము. సగానికి పైగా నంబర్లు పనిచేయలేదు. ఫోను ఎత్తినవారిలో ఒకాయన గోదాములో సరుకు దించుతూ మాట్లాడారు. పని బాగానే ఉందని, ఇక ఫోను పెట్టేయమని, పక్కనే సూపర్‌వైజర్ ఉన్నాడని చెప్పారు. ఆయనకు గంటకు ఎంత వస్తోందో అడగడం నాకు చేతకాలేదు. ఆయన్ని ఏ వరుసలో చూపాలి? నిబంధన ప్రకారం ఆధారం లేనిది చూపకూడదు కాబట్టి చూపలేదు. ఆ ఏడాది మా ఫలితం లక్ష్యానికి చాలా దిగువన నిలిచింది. మరుసటి ఏడాదికి లక్ష్యాన్నే తగ్గించుకోవడం మేలని పైవారు సలహా ఇచ్చారు. తగ్గించాము, మా పట్టిక చక్కబడింది. ఏ ఒక్కరి ఉద్యోగమూ దానివల్ల మెరుగుపడలేదు. ఈ పనిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టే జ్ఞాపకం అదే.

దీనికి దారి లేకపోలేదు. 2014 నాటి వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ చట్టం కింద నడిచే ఉద్యోగ కార్యక్రమాల్లో, మనిషి కార్యక్రమం నుంచి బయటికి వెళ్లిన తరువాత రెండో త్రైమాసికంలోనూ నాలుగో త్రైమాసికంలోనూ పనిలో ఉన్నాడా అన్నది ప్రధానంగా రాష్ట్రాల వేతన రికార్డులతో సరిపోల్చి తెలుసుకుంటారు. మన సంస్థలకు ఆ రికార్డులు వ్యక్తుల వివరాలు బయటపడకుండా, మొత్తం అంకె రూపంలో అందే ఏర్పాటు చేయమని అడగండి. అది కుదిరేదాకా, ఆచూకీ దొరకనివారిని విఫలమైనవారితో కలిపి లెక్కించకుండా విడిగా చూపే గడి ఇమ్మనండి.

ఒకే మనిషిని రెండుసార్లు లెక్కించకూడదన్న నియమం కూడా సవరణలో తడమవలసిందే. సీఎస్‌బీజీ మన సంస్థల ఆదాయంలో చాలాసార్లు చిన్న భాగమే అయినా, నివేదికలో మాత్రం సంస్థ చేసే పని అంతా కనిపించాలి. హెడ్‌స్టార్ట్ అనే పేద పిల్లల బడి కార్యక్రమం వివరాలు ఒక సాఫ్ట్‌వేర్‌లో, ఇంధన సాయం వివరాలు రాష్ట్రం ఇచ్చిన మరో సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడవు. ఇలా కలపలేకపోయినవారిని విడిగా చూపే వరుస నివేదికలో ఉంది, అది ఉండడం మంచిదే. దాన్ని తీసేసే ప్రతిపాదన కనబడితే తప్పక అభ్యంతరం చెప్పండి, ఎందుకంటే ఆ వరుస పోతే సంస్థలు ఊహించి రాయవలసి వస్తుంది. సమాజ స్థాయి మార్పులను అడిగే మూడో భాగం గురించి ఎక్కువ రాయనవసరం లేదు. ఒక ప్రాంతంలో నిరుద్యోగం తగ్గితే అందులో మన పాత్ర ఎంత అన్నది ఏడాదికొకసారి నింపే కాగితం తేల్చలేదు. కొన్నేళ్ల కథనాన్ని అనుమతించమని అడిగితే చాలు.

ఇక రాయవలసిన తీరు. పేపర్‌వర్క్ రిడక్షన్ చట్టం శాఖలను నాలుగు విషయాల మీద అభిప్రాయం కోరమంటుంది: ఈ సమాచారం అవసరమా, దానికి పట్టే సమయంపై శాఖ వేసిన అంచనా సరైనదేనా, నాణ్యతనూ స్పష్టతనూ ఎలా పెంచవచ్చు, జవాబిచ్చేవారి భారాన్ని ఎలా తగ్గించవచ్చు. మీ పత్రాన్ని ఈ నాలుగింటి కిందే విడదీయండి, చదివేవారికి వెంటనే పనికొస్తుంది. వీటిలో సంస్థలు ఎక్కువగా వదిలేసేది రెండోది, నిజానికి అన్నిటికన్నా బలమైనదీ అదే. ప్రకటనలో ఒక్కో సంస్థకు ఎన్ని గంటలు పడుతుందో అంకె ఇస్తారు. ఆ అంకెలో నివేదిక నింపే సమయం మాత్రమే ఉందా, బల్ల దగ్గర అడిగే సమయమూ తరువాత ఫోన్లు చేసే సమయమూ కలిశాయా అన్నది చూడండి. మేము ఒకసారి వారం పాటు గడియారం పెట్టుకుని కొలిచాము. సగటున 26 నిమిషాలు పట్టే దరఖాస్తులో 11 నిమిషాలు సాయం మంజూరుకు అక్కరలేని ప్రశ్నలకే పోయాయి. మీరూ ఒక వారం కొలిచి, మీ అంకె రాసి, ఎలా కొలిచారో రెండు వాక్యాల్లో చెప్పండి. భారం ఎక్కువగా ఉందని రాసిన పది పేజీల కన్నా ఆ ఒక్క పేరా ఎక్కువ పని చేస్తుంది. ప్రతి అభ్యంతరానికీ సూచిక సంఖ్య, ఇప్పుడున్న మాటలు, మీరు కోరే మాటలు పక్కపక్కనే ఇవ్వండి.

కొత్త పత్రం అమలుకు కనీసం ఒక పూర్తి ఆర్థిక సంవత్సరం వ్యవధి అడగడం మరచిపోకండి. ఏడాది మధ్యలో ప్రశ్నలు మారితే, అప్పటికే వచ్చి వెళ్లినవారిని మళ్లీ పిలిచి అడగలేము.

పంపేముందు ముసాయిదాను మీ బోర్డులోని పేదల ప్రతినిధులకు చూపించండి. సీఎస్‌బీజీ చట్టం ప్రకారం బోర్డులో కనీసం మూడో వంతు స్థానాలు వారివే. మా బోర్డులో అలాంటి ఒకావిడ మా ముసాయిదా చదివి, సైనిక సేవ ప్రశ్న తీసేయమని మేము రాసిన వాక్యాన్ని కొట్టేయించారు. ఆ ప్రశ్న అడిగినందువల్లే తన భర్తకు మాజీ సైనికుల వైద్య సాయం ఉందని తెలిసిందట. ఆ ప్రశ్నను అనవసరమైనవాటి జాబితాలో వేసింది నేనే. బల్లకు అవతలి వైపు కూర్చున్నవారికి ఏది భారమో, ఏది మేలో వారినే అడగాలని నాకు అప్పుడు తెలిసింది. 60 రోజుల గడువులో మొదటి రెండు వారాలు దీనికే కేటాయించండి. పత్రం మొదటి గడువులోనే చేరేలా చూసుకోండి, ఎందుకంటే రెండో ప్రకటన వచ్చేసరికి ప్రతిపాదన చాలావరకు గట్టిపడి ఉంటుంది.