ల్యాబ్‌లో పెంచిన మెదడు ముక్క మా ఆయనకు పెడతారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయనకు 34 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట బండి మీంచి పడితే తలకు ఆపరేషన్ చేశారు. ఎడమ చెయ్యి పూర్తిగా లేవదు, మాట ముద్దగా వస్తోంది. ల్యాబ్‌లో పెంచిన మెదడును అతికిస్తున్నారని వీడియోలో చూశాం. ఒక క్లినిక్ వాళ్లు వెన్నులోకి మూలకణాల ఇంజెక్షన్ చేస్తే అదే ఫలితం వస్తుందంటున్నారు, లక్షల్లో అడుగుతున్నారు. పొలం అమ్మి చేయించమంటారా?

జవాబు: పొలం అమ్మకండమ్మా. వీడియోలో చూసిందీ, ఆ క్లినిక్ ఇస్తానంటున్నదీ ఒకటి కాదు.

2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు మనిషి మూలకణాలను (వేరే రకాల కణాలుగా ఎదగగల స్టెమ్ సెల్స్) సుమారు 80 రోజులు పెంచి, మెదడు పైపొరను పోలిన చిన్న ముద్దలు తయారుచేశారు. వీటిని ఆర్గనాయిడ్లు అంటారు. చూపుకు సంబంధించిన భాగం దెబ్బతిన్న ఎలుకల మెదడులో వాటిని ఉంచారు. మూడు నెలల్లో ఎలుక రక్తనాళాలు అందులోకి పాకాయి. కళ్ల ముందు వెలుగు మిణుకుమనిపిస్తే ఆ ముద్దలోని నాడీకణాల్లో దాదాపు నాలుగోవంతు స్పందించాయి. నిజంగా గొప్ప విషయమే. కానీ ఎలుకలకు పోయిన చూపు తిరిగొచ్చిందని ఆ పరిశోధన చెప్పలేదు.

మనిషి దగ్గరికి వచ్చేసరికి చిక్కులు పెరుగుతాయి. ఆర్గనాయిడ్‌కు సొంత రక్తనాళాలు ఉండవు. కొన్ని మిల్లీమీటర్లు దాటితే ఆక్సిజన్ అందక నడిమి కణాలు చచ్చిపోతాయి. మీవారి దెబ్బ సెంటీమీటర్లలో ఉండవచ్చు. పైగా చెయ్యి కదలాలంటే కొత్త నాడీతీగలు మెదడు నుంచి మెడ వెన్నుపాము దాకా దారి తప్పకుండా చేరాలి. శరీరం పరాయి కణాలను తోసేయకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి. పరిపక్వం కాని కణాలు మిగిలితే గడ్డలు కట్టే ప్రమాదమూ ఉంది.

ఈ భయం ఊహ కాదు. పక్షవాతం వచ్చిన ఒకాయన వేర్వేరు దేశాల్లో వెన్నులోకి మూలకణాలు ఎక్కించుకున్నాక వెన్నులో కణితి పెరిగిందని 2016లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం తలదెబ్బకు మూలకణాల వైద్యం రిజిస్టర్ చేసిన ప్రయోగంలో భాగంగానే జరగాలి, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. క్లినిక్ వాళ్లను సీటీఆర్ఐ నంబరు, అంటే దేశంలో వైద్య ప్రయోగాలను నమోదు చేసే రిజిస్టర్‌లోని నంబరు, అడగండి. నంబరు చూపించలేకపోతే, చూపించినా డబ్బు అడిగితే, లేచి వచ్చేయండి.

ఎనిమిది నెలలకే ఆశ వదలాల్సిన పని లేదు. మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేస్తున్నాయా? లేస్తే మంచి చేతికి గ్లవ్ తొడిగి, బలహీనమైన చేతితోనే పని చేయించే పద్ధతి ఉంది. మామూలుగా రెండు వారాలు, రోజుకు ఆరు గంటల దాకా సాధన. గ్లాసు అందుకోవడం, బొత్తాం పెట్టడం, గింజలు ఏరడం. ఫిజియోథెరపిస్టు చూశాకే మొదలుపెట్టండి, నడిచేటప్పుడు గ్లవ్ తీసేయండి. బరంపురం మెడికల్ కాలేజీలో గానీ, కటక్ దగ్గర ఓలట్‌పూర్ పునరావాస సంస్థలో గానీ చూపించండి. సీటీ ఫిల్ములు, డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి. ఆయనను లేపేటప్పుడు ఎడమ చెయ్యి పట్టి లాగకండి, భుజం కీలు జారుతుంది.

మాట సాధన ఆయన ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలి. తెలుగైతే విశాఖలో స్పీచ్ థెరపిస్టును చూడటం మేలు.

ఫిట్స్ మాత్రలు రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకండి. ఫిట్ ఐదు నిమిషాలు దాటినా, కొత్తగా తలనొప్పి, వాంతులు, మగత కనిపించినా అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లండి.