పెళ్లి విమానం ఎగరలేదు: బ్రెగ్జిట్ వంక చెల్లుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. చాలా ఏళ్లుగా లండన్ దగ్గర స్లౌలో ఉంటున్నాం. 2023 జూన్‌లో ఇటలీలోని కోమోలో మా అన్నయ్య కూతురి పెళ్లికి బ్రోకర్ ద్వారా బ్రిటిష్ కంపెనీ ప్రైవేట్ జెట్ మాట్లాడుకున్నాం. మేం లండన్ దగ్గరి లూటన్‌లో ఎక్కి, ఫ్రాన్స్‌లోని నీస్‌లో దిగి, హైదరాబాద్ నుంచి అక్కడికొచ్చిన నాన్నగారినీ బంధువులనూ ఎక్కించుకుని మిలన్ చేరాలి. నీస్‌కే 5 గంటలు ఆలస్యం. అక్కడ ‘బ్రెగ్జిట్ రూల్స్ ఒప్పుకోవు’ అని చేతులెత్తేశారు. వ్యాన్లలో వెళ్లేసరికి ముహూర్తం దాటిపోయింది. నాన్నగారు మనవరాలి పెళ్లి కళ్లారా చూడలేకపోయారు. నీస్-మిలన్‌కు కట్టిన 8,400 పౌండ్లు ఇవ్వడం లేదు. ‘డబ్బుల్లేకుండా, విమాన యజమాని అతిథులుగా వెళ్లాం’ అని సంతకం పెడితే సగం ఇస్తారట. పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. మీకు హక్కు ఇచ్చేది డబ్బు కట్టిన ఒప్పందమే. అతిథులమని రాసిస్తే దాన్ని మీ చేత్తో మీరే చించేసినట్టు. పైగా అది అబద్ధం. రేపు అదే మాట ఇంగ్లండ్ కోర్టులో నిజమని సంతకం చేసి దాఖలు చేస్తే కోర్టు ధిక్కారం దాకా పోతుంది.

మీ ఉత్తరంలో మూడొంతులు ముహూర్తం గురించే. ఒప్పందం తేదీ ఒక్కచోటా లేదు. ఇన్వాయిస్ తిరగేస్తే దొరికింది: 2023 ఏప్రిల్. కేసు దాని మీదే నిలుస్తుంది. 2020 చివరి వరకు బ్రిటిష్ ఆపరేటర్ (విమానం నడిపే కంపెనీ) యూరోపియన్ యూనియన్‌లో ఏ రెండు ఊళ్ల మధ్యయినా కిరాయికి జనాన్ని తిప్పేవాడు. బ్రెగ్జిట్‌తో, అంటే ఆ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడంతో, 2021 జనవరి 1 నుంచి ఆ హక్కు పోయింది. లూటన్-నీస్ సరే, మిలన్-లూటన్ సరే. నీస్‌లో కొత్తవాళ్లను ఎక్కించుకుని మిలన్‌లో దించాలంటే మాత్రం విడిగా అనుమతి తెచ్చుకోవాలి. రెండేళ్లుగా అమల్లో ఉన్న రూలు ఉండగానే డబ్బు పుచ్చుకుని, తీరా ఊహించని అడ్డంకి వచ్చిందంటే నిలవదు. ‘పర్మిట్లకు లోబడి’ అన్న షరతు ఒప్పందంలో ఉంటే వాళ్లు దాన్నే పట్టుకుంటారు. అసలు పర్మిట్‌కు దరఖాస్తు చేశారా, ఆ కాగితం చూపమనండి.

ఇక మీ నిర్లక్ష్యం. ఆలస్యానికి నష్టపరిహారం మాంట్రియల్ కన్వెన్షన్ (విమాన ప్రయాణాలపై దేశాల మధ్య ఒప్పందం) 35వ ఆర్టికల్ కింద రెండేళ్లలోనే అడగాలి. 2025 జూన్‌తో అది కాలదోషం పట్టి పోయింది. వాట్సాప్‌లో బ్రోకర్‌తో పోట్లాడుతూ కూర్చుంటే గడువు ఆగుతుందా? ఆ కన్వెన్షన్ కింద ఆ 5 గంటల మాట మర్చిపోండి. అసలు ఎగరని ప్రయాణం వేరు. అది ఆలస్యం కాదు, ఒప్పంద భంగం. దావా వేసే గడువు చెప్పే ఇంగ్లండ్ లిమిటేషన్ చట్టం ప్రకారం ఆరేళ్లు, అంటే 2029 జూన్ దాకా ఊపిరి ఉంది.

కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో ‘ఏజెంటుగా మాత్రమే’ అని ఉంది, చూసుకున్నారా? ఒప్పందం తనతో కాదు, ఆపరేటర్‌తోనని బ్రోకర్ తప్పించుకోవచ్చు. అందుకని బ్రోకర్‌నీ ఆపరేటర్‌నీ ఇద్దరినీ చేర్చాలి. ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ (కిరాయికి విమానం నడిపే లైసెన్సు) ఎవరి పేరున ఉందో రాతపూర్వకంగా అడగండి. పెళ్లి ఆల్బమ్‌లో నీస్‌లో మీరు దిగిన ఫొటో ఉందన్నారు కదా, విమానం మీద ‘జి’తో మొదలయ్యే నంబరు (బ్రిటన్ రిజిస్ట్రేషన్) కనబడితే ఆ ఫొటో దాచండి. బ్యాంకు స్టేట్‌మెంట్, వ్యాన్ల రసీదులు, ‘సగం ఇస్తాం’ అన్న మెసేజ్ డిలీట్ చేయకుండా ఉంచండి.

ఒప్పందానికి ఇంగ్లండ్ చట్టమే వర్తిస్తుందని చూసుకుని, 14 రోజుల గడువుతో ఇద్దరికీ నోటీసు పంపండి. కదలకపోతే చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్‌లో దావా వేయండి. 10,000 పౌండ్ల లోపుది కాబట్టి లాయరు లేకుండా మీరే నడుపుకోవచ్చు. గెలిచినా అక్కడ లాయరు ఫీజు సాధారణంగా తిరిగి రాదు.