మూడో ఏడాదిలోనే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి వెళ్ళాలా, ఇంకో ఏడాది ఆగాలా?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో సేఫ్టీగా (డిఫెన్స్‌లో వెనక వరుసలో) ఆడుతున్నాడు. ఇది మూడో ఏడాది. కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి ఇంకా 30 క్రెడిట్లు మిగిలాయి. ఇద్దరు ఏజెంట్లు ఫోన్ చేసి ‘మూడో రౌండ్ ఖాయం, ఈ జనవరిలోనే డ్రాఫ్ట్‌కి పేరు ఇచ్చేయండి’ అంటున్నారు. గుంటూరులో ఉన్న మా నాన్నగారు ముందు చదువు పూర్తి చేయించమంటున్నారు. వాడు అమెరికన్ సిటిజన్. ఏం చేయమంటారు?

జవాబు: డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు రౌండ్ల వారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడం. మూడో రౌండ్ ఖాయమని చెప్పే అధికారం ఏ ఏజెంటుకీ లేదు. ఆ మాట చెప్పాల్సింది జట్లు. దానికో దారి ఉంది. జట్ల స్కౌటింగ్ అధికారులతో ఎన్‌ఎఫ్‌ఎల్ నడిపే కాలేజ్ అడ్వైజరీ కమిటీకి యూనివర్సిటీ ద్వారా మీ అబ్బాయి పేరు పంపించండి. జవాబు మూడు రకాలుగానే వస్తుంది: మొదటి రౌండ్, రెండో రౌండ్, రెండూ కాదు. ఆ చివరి జవాబు వస్తే కాలేజీలోనే ఉండమని అర్థం. ఒక్కో యూనివర్సిటీ మామూలుగా ఐదుగురి పేర్లే పంపగలదు కాబట్టి హెడ్ కోచ్‌ని ఇప్పుడే అడగండి. ‘రెండూ కాదు’ అని వస్తే నా సలహా సూటిగా ఒకటే, ఇంకో ఏడాది ఆడనివ్వండి.

ఎందుకంటే అసలు తేడా గ్యారంటీ డబ్బులో ఉంది. డ్రాఫ్ట్ ఏడు రౌండ్లు, 2025లో ఎంపికైనవాళ్ళు 257 మంది. అందరికీ నాలుగేళ్ళ కాంట్రాక్టే, కానీ మొదటి రౌండ్‌లో ఆ నాలుగేళ్ళ డబ్బూ పూర్తిగా గ్యారంటీ. మూడో రౌండ్‌కి వచ్చేసరికి నమ్మకంగా చేతికి వచ్చేది ప్రధానంగా సైనింగ్ బోనస్, అదీ మిలియన్ డాలర్లకు అటూఇటూగా. ఏడో రౌండ్‌లో అది లక్ష, రెండు లక్షల మధ్యకు పడిపోతుంది. మిగతా జీతం జట్టులో ఉన్నన్ని వారాలకే లెక్క. వేసవి శిబిరానికి 90 మందిని పిలిచి, ఆగస్టు చివర్లో 53 మందిని ఉంచుకుంటారు. ఆ 53లో ఉంటే కొత్త ఆటగాడికి 2025లో కనీస జీతం 8,40,000 డాలర్లు. లేకపోతే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (జట్టుతో శిక్షణ చేసే అదనపు ఆటగాళ్ళు) అదే ఏడాది వారానికి 13,000. పద్దెనిమిది వారాలూ ఉంచుకుంటే 2,34,000 అవుతుంది, కానీ ఏ మంగళవారమైనా పొమ్మనవచ్చు. ఆటగాళ్ళ సంఘం ఎన్‌ఎఫ్‌ఎల్‌పీఏ చెప్పే సగటు కెరీర్ 3.3 ఏళ్ళు. అంటే పెద్ద డబ్బు ఉండే రెండో కాంట్రాక్టు దాకా చాలామంది చేరనే చేరరు. 2022లో చివరి పేరుగా, 262వ స్థానంలో ఎంపికైన బ్రాక్ పర్డీ 2025లో 265 మిలియన్ల కాంట్రాక్టు చేశాడని ఏజెంట్లు తప్పకుండా చెబుతారు. నిజమే. కానీ అతను బంతి విసిరి జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్, మీవాడు సేఫ్టీ.

పైగా ఆగడమంటే ఇప్పుడు ఊరికే ఆడటం కాదు. ఎన్‌ఐఎల్ డబ్బు, అంటే ఆటగాడి పేరు, రూపం వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము, 2021 నుంచి ఉంది. 2025 జులై నుంచి యూనివర్సిటీలు నేరుగా క్రీడాకారులకు డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది (2025-26) పరిమితి 20.5 మిలియన్లు, పెద్ద జట్లలో అందులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కే వెళుతుంది. అందుకే ముందుగా డ్రాఫ్ట్‌కి వెళ్ళేవాళ్ళు తగ్గారు: 2021లో వంద దాటితే, 2024లో అరవై లోపే.

ఆ ఏడాదిలో మీవాడు చేయాల్సిన ముఖ్యమైన పని కిక్‌ఆఫ్, పంట్ జట్లలో (బంతిని దూరంగా తన్నేటప్పుడు దిగే జట్లు) ఆడటం. మూడో రౌండ్ తర్వాత వచ్చే సేఫ్టీ మొదటి ఏడాది డిఫెన్స్‌లో మొదటి పదకొండు మందిలో ఉండటం అరుదు. నాలుగో సేఫ్టీగా చోటు దొరకాలంటే పంట్ పడేచోటికి ముందుగా పరిగెత్తి టాకిల్ చేయగలడా, అంటే బంతి పట్టినవాణ్ణి పడేయగలడా అని కోచ్‌లు చూస్తారు. కాలేజీలో స్టార్టర్లకు ఆ పని తప్పించడం మామూలు. అందుకే వీడియోలో అది కనబడదు, ఆగస్టులో పేరు తీసేసేటప్పుడు మాత్రం అదే కారణమవుతుంది. ఆ అవకాశం అడిగి తీసుకోమనండి.

గాయం భయం న్యాయమైనదే. నోటర్ డేమ్ ఆటగాడు జేలన్ స్మిత్ 2016 జనవరి 1న చివరి బౌల్ ఆటలో మోకాలు దెబ్బతిని, మొదటి రౌండ్ అనుకున్నవాడు రెండో రౌండ్‌కి జారాడు. అతనికి ముందే తీసుకున్న బీమా ఉండబట్టి కొంత సొమ్ము వచ్చింది. విలువ తగ్గితే ఇచ్చే ఆ రకం బీమా పైరౌండ్ల అంచనా ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. మీవాడికి శాశ్వత వైకల్య బీమా చాలు. ప్రీమియం ఎవరు కడతారో యూనివర్సిటీని అడగండి.

తల దెబ్బల సంగతి కూడా ఇంట్లో మాట్లాడుకోండి. 2014లో మూడో రౌండ్‌లోనే వచ్చిన క్రిస్ బోర్లాండ్ ఒక్క సీజన్ ఆడి, మెదడుకు జరిగే హాని గురించి చదివి ఆట మానేశాడు. బోనస్‌లో చాలా భాగం తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. మీవాడికి ఇప్పటిదాకా ఎన్ని కంకషన్లు (తల దెబ్బతో మెదడు అదిరిన గాయాలు) అయ్యాయో, పాత ఎక్స్‌రేలు, ఎమ్మారై, సర్జరీ కాగితాలతో సహా ఒక ఫైల్ చేయండి. డ్రాఫ్ట్‌కి ముందు జట్లు ఆటగాళ్ళను పరీక్షించే ఇండియానాపోలిస్ కంబైన్‌లో 40 గజాల పరుగు గురించే టీవీలో మాట్లాడతారు గానీ, జట్లకు అసలు పని డాక్టర్ల పరీక్షే. దాచిన భుజం గాయం అక్కడ బయటపడితే రౌండ్లు జారిపోతాయి.

చదువు లెక్కకొస్తే, జనవరిలో పేరు ఇచ్చినవాళ్ళు ఏప్రిల్ దాకా శిక్షణ కోసం అరిజోనాకో ఫ్లోరిడాకో వెళ్ళి ఆ సెమిస్టర్ వదిలేస్తారు. మిగిలిన క్రెడిట్లు ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఆగితే ఈ వేసవిలో 6, ఆటల సీజన్‌లో 12, వసంతంలో 12, మొత్తం 30. వసంతం క్రెడిట్లు ఆన్‌లైన్‌లో దొరికేలా ఇప్పుడే ఏర్పాటు చేసుకుంటే శిక్షణకీ అడ్డు రాదు. ఎంచుకున్నవాళ్ళకు రెండూ కుదురుతాయి: ఫ్లోరిడా స్టేట్ సేఫ్టీ మైరన్ రోల్ రోడ్స్ స్కాలర్‌షిప్‌తో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, 2010లో ఆరో రౌండ్‌లో ఎంపికై, తర్వాత న్యూరోసర్జన్ అయ్యాడు. మీ నాన్నగారికి ఈ పేరు చెప్పండి. అయితే డ్రాఫ్ట్ ఏడాది ఆగినందుకు అతను ఆటలో మూల్యం చెల్లించాడనీ చెప్పాలి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క సీజన్ ఆటా ఆడలేదు.

ఇక ఏజెంట్ల సంగతి. వాళ్ళ పేర్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌పీఏ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. కమిషన్ గరిష్ఠం 3 శాతం, అంతకంటే తక్కువ బేరమాడొచ్చు. 2011 నుంచి కొత్త ఆటగాళ్ళ జీతం ఎంపికైన స్థానాన్ని బట్టి దాదాపు ముందే ఖరారు. బేరానికి పెద్దగా మిగలనప్పుడు 3 శాతం ఎందుకివ్వాలి? ఒప్పందం ఐదు రోజుల రాతపూర్వక నోటీసుతో రద్దు చేసుకోవచ్చు. ‘శిక్షణ ఖర్చంతా మాదే’ అంటే దానికి విడిగా ఒక అప్పు కాగితం ఉందేమో చూడండి. ఏజెంటును మారిస్తే ఆ వేల డాలర్లు తిరిగి కట్టమంటారు.

మీవాడు సిటిజన్ కాబట్టి వీసా చిక్కు లేదు. హెచ్-4లో పెరిగి ఎఫ్-1కి మారిన స్నేహితులెవరైనా జట్టులో ఉంటే, ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగకుండా ఎన్‌ఐఎల్ కాగితం మీద సంతకం పెట్టొద్దనండి, అది అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కకు రావచ్చు.

ఇవన్నీ విన్నాక కూడా జనవరిలో పేరు ఇచ్చేస్తే, గడువు తర్వాత 72 గంటల్లో వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఏజెంటుతో సంతకం చేయనంతవరకే. కాబట్టి కమిటీ జవాబు చేతికొచ్చేదాకా ఆ ఇద్దరితోనూ ఏ కాగితమూ వద్దు.