మూడో ఫీజు కట్టకండి

ప్రశ్న: మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. నాన్న పోయాక ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. తమ్ముడికి పద్దెనిమిది నిండాయి. ఎస్‌ఎస్‌ఎల్‌సీలో, అంటే ఇక్కడి పదో తరగతిలో, లెక్కలు, సైన్సు తప్పి చదువు మానేశాడు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ కోర్సులో చేర్పిస్తే మానేశాడు. యాభై వేలు కట్టి మొబైల్ రిపేరింగ్‌లో చేర్పిస్తే మూడో వారానికే ఎగ్గొట్టాడు. స్నేహితుడి బండి మీద డెలివరీలకు తిరుగుతాడు, లేదంటే వాచ్‌మన్ పక్కన కూర్చుని పాత నీళ్ల మోటార్లు విప్పుతుంటాడు. నేనెంత త్యాగం చేశానో రోజూ చెబుతున్నా తలకెక్కడం లేదు. ఇప్పుడొకరు ఏసీ మెకానిక్ కోర్సు, ఆరు నెలలు, డెబ్బై వేలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా? వాడు స్థిరపడేదాకా నా పెళ్లి ఆపుకోమంటారా?

జవాబు: పెళ్లి ఆపకండి. ఆ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

డెబ్బై వేలూ కట్టకండి. మీ ఉత్తరంలో ‘కట్టాను’, ‘చేర్పించాను’, ‘చెప్పాను’ అన్నీ ఉన్నాయి. ‘అడిగాను’ ఒక్కచోటా లేదు. నాన్న లేని ఇంట్లో అక్కే నాన్న కావడం మనకు కొత్తేమీ కాదు. అయితే నాన్న పెట్టిన అన్నానికి ఎవరూ లెక్క రాయరు. మీ లెక్క రోజూ కంచం ముందు వినపడుతోంది. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి రోషం ఉంటుంది, ఉండాలి కూడా. మీరు కట్టినదాన్ని మానేయడం ఒక్కటే ప్రస్తుతం అతని చేతిలో ఉన్న పని, అదే చేస్తున్నాడు. త్యాగం అన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడనివ్వకండి.

ఏసీ కోర్సు చెడ్డదని కాదు. వెళ్లి చూస్తే మీకే తెలుస్తుంది. ముప్పై మందికి ఒక్క స్ప్లిట్ ఏసీ ఉంటే వాళ్లు నేర్చుకునేది చూడటమే. వ్యాక్యూమ్ పంపు, గేజీలు, రాగి గొట్టాలు అతికే బ్రేజింగ్ సెట్టు ఒక్కో పిల్లాడి చేతికి వారానికి ఎన్నిసార్లు వస్తాయో అడగండి. లైన్‌లోని గాలిని వ్యాక్యూమ్ పంపుతో లాగేయకుండా గ్యాస్ ఎక్కిస్తే లోపల తేమ మిగిలిపోయి కంప్రెసర్ చెడుతుంది. ఇప్పుడు వస్తున్న ఆర్-32 గ్యాస్ మంటకు అంటుకునే రకం కూడా. బోర్డు మీద బొమ్మ గీసి నేర్పే పని కాదది. గ్యారంటీ అంటే కిందటి బ్యాచ్‌లో ముగ్గురి నంబర్లు ఇమ్మనండి. ఇవ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే. ఇంకో మాట. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో స్వల్పకాలిక శిక్షణకు పిల్లలు ఫీజు కట్టక్కర్లేదు. ఆ పేరు చెప్పి డబ్బడిగేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

అసలు సంగతి మీరు ఫిర్యాదుగా రాశారు. మోటార్లు విప్పుతున్నాడట! ఎవరూ కట్టమనకుండా, ఎవరూ పంపకుండా కూర్చుని చేస్తున్న పని అది.

మోటారు వైండింగ్, అంటే లోపలి తీగ చుట్టడం, నేర్పేది ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడులో. రెండేళ్లు. కానీ దానికి సైన్సు, లెక్కలతో పది పాసవ్వాలి, అతను తప్పినవి సరిగ్గా ఆ రెండే. ఓపెన్ స్కూల్లో లెక్కలు లేకుండానే పది గట్టెక్కవచ్చని ఎవరైనా చెబుతారు. నిజమే, జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో లెక్కలు తప్పనిసరి కాదు, తెలుగు మాధ్యమమూ ఉంది. ఆ దారిన వెళ్తే మాత్రం ఎలక్ట్రీషియన్ సీటు దగ్గర ఆగిపోతాడు. పాత స్కూలు హెడ్‌మాస్టర్‌ను కలిసి ఆ రెండు సబ్జెక్టులకు మళ్లీ పరీక్ష కట్టడమే మేలు. పుస్తకం ముట్టనంటే ఎనిమిది పాసైనవాళ్లకిచ్చే వైర్‌మన్ ట్రేడు ఉంది, అదీ రెండేళ్లే. ఏడాదిలో తేలాలంటే వెల్డర్ ఉంది, ఫ్యాక్టరీలుండే పీణ్యలో పనికి కొదవ లేదు, కానీ మోటార్లు విప్పేవాడికి అది నచ్చుతుందా అన్నది అతన్నే అడగాలి. హోసూరు రోడ్డులో ప్రభుత్వ ఐటీఐ ఉంది, మీకు దూరమే. ఏ ట్రేడులో సీట్లున్నాయో వెళ్లి కనుక్కోవాలి.

ఐటీఐలో 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మీ తమ్ముడికి గండం అక్కడే. మొదటి వారాల్లో మోటారు కనపడదు. భద్రతా జాగ్రత్తలు, ఆకురాయితో ఇనుము రుద్దడం, తీగల జాయింట్లు, సోల్డరింగ్. డెలివరీలో సాయంత్రానికి చేతిలో డబ్బు పడే అలవాటున్నవాడికి ఇది దండగ అనిపిస్తుంది. ముందే చెప్పి ఉంచండి. ఆదివారాలు బండి నడుపుకోనివ్వండి, పోరు పెట్టకండి. మీరు ఫోన్‌లో రోజూ వందలు పంపుతుంటే అది ఆపేసి, ఒకటో తారీఖున బస్సు పాసుకూ టిఫినుకూ సరిపడా ఒక్కసారే ఇవ్వండి, తర్వాత లెక్క అడగకండి. పదో తరగతి పరీక్ష ఫీజు చిన్నది, అతని డెలివరీ డబ్బులోంచే కట్టనివ్వండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక 1961 అప్రెంటిస్ చట్టం కింద కంపెనీలో చేరితే నెలనెలా స్టైపెండ్ వస్తుంది.

టీసీ, మార్కుల కార్డు, ఆధార్, ఆదాయ, కుల ధ్రువపత్రాలు కావాలి. వీటికి మీరు సెలవు పెట్టకండి. స్కూలుకూ ఐటీఐకీ అతనే వెళ్లి, క్యూలో అతనే నిలబడాలి. ఈ ఆదివారం ఆ వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి, విప్పిన మోటారులో ఏం కాలిపోయిందో మీ తమ్ముణ్ణే చూపించమనండి.